రెండు హారన్లు

షార్జాకు వచ్చిన కొత్తల
తొవ్వలు నాకు తెల్వయి.
రోలా సంది అల్ ఖాన్ దాక
బిల్డింగులన్నీ ఒక్కతీరే,
అద్దాలు అతికిన అగ్గిపెట్టెలు.
లాండ్రీ బండి నాది. వెనుక కొక్కేలకు
ఇస్త్రీ చేసిన తెల్ల కందూరాలు
మనుషులు లేని బారాతు లెక్క ఊగుతుండె.

సూపర్‌వైజర్ ఫోన్ల చెప్పే గుర్తులన్నీ తినేటియే.
"ఉన్నక్కాయ అమ్మే కేఫటీరియా దాటి ఎడమకు మల్లు,
దబేలీ సేటుకు ఎదురుంగ ఆగు,
వేయించిన పల్లీల వాసన వచ్చిందంటే
ఎక్కువ పోయినవు, వెనక్కి రా."
గట్ల, ముక్కుతోని నేర్చుకున్న ఈ పట్నాన్ని.

మొయిదీన్‌కుట్టి దుకాణానికి మొదటిసారి
బండి దిగి పోయి, ఓ మూలకు నిలబడ్డ.
ఆయన నవ్విండు.
"బండ్లనే కూసో. రెండుసార్లు హారన్ కొట్టు.
పిల్లగాడొస్తడు."
కొట్టిన. అఫ్సల్ ఉరికొచ్చిండు.
నేను పిలిస్తె ఒకలు ఉరికొచ్చుడు
నా జిందగీల గదే మొదలు.

పొట్లం విప్పితే పరోటా.
పరోటాల చిప్సు, చీజు, ఎర్ర సాసు.
నాకు కోపమొచ్చింది.
పాకీట్ల తినేదాన్ని రొట్టెల పెట్టుడేంది,
అన్నంల అన్నం కలుపుకున్నట్టు?
కొరికిన.
ఎండుటాకుల్ల మేకపిల్ల ఉరికినట్టు కరకర,
దాని వెనుక మెత్తగ పరోటా,
అందరు పోయినంక సిగ్గుపడుకుంట కారం.
మీద గుక్కెడు కరక్ చాయ్,
డబ్బాపాల చిక్కదనం, ఇలాచి.

రెండోది తింటుంటే
చుక్క సాసు ఎవలిదో కందూరా అంచుకు పడ్డది.
జీతంల పదిహేను దిర్హాములు కోసిండ్రు.
అంటే ఐదు పరోటాలు.
అప్పటి సంది ఏ లెక్కయినా నాకు గట్లనే.
ఫోన్ రీచార్జి ఏడు పరోటాలు.
కొత్త చెప్పులు పదకొండు.
రూం కిరాయి చెప్పను, కడుపు నిండుతది.

అల్ ఖాన్ల ఓ ముసలవ్వ ఉంటది,
మొఖానికి రాగిరంగు ముసుగు, నోట్లె బొంబాయి హిందీ.
ఓనాడు బట్టలు తీసుకొని గిన్నె చేతుల పెట్టింది.
ఉడికిన శనగలు, ఉప్పు, ఎండుమిరపకాయలు.
"గుడాలు!" అన్న.
"దంగో" అన్నది.
"మా దిక్కు గుడాలంటరమ్మా, మాయి..."
"దంగో. మా నాయిన పడవల తెచ్చిన శనగలు."
గిన్నె అడుగు కనిపించింది గని
పంచాయితి తెగలె.

నిరుడు లీవుల మెట్‌పల్లి పోయిన.
బస్టాండు కాడ మిర్చిల బండి ముందట
బామ్మర్ది కారు ఆపి
రెండుసార్లు హారన్ కొట్టిన.
బజ్జీల ఎంకవ్వ జల్లిగంటె పట్టుకొనే వచ్చింది.
"కాళ్లు ఇరిగినయా బిడ్డా?"
నూనె చుక్కలు బానెట్ మీద రాలినయి.
దిగిన. లైన్ల నిలబడ్డ.
మిర్చి మంచిగనే ఉన్నది.
చెయ్యి మాత్రం పక్కపొంటి
కరక్ గిలాస కోసం తడుముతున్నది.

మొన్న మా రూంకు పోశెట్టి అని కొత్త పిల్లగాడొచ్చిండు.
మూడొద్దులు సరిగ్గ తినలె.
"అన్నా, ఈడ మిర్చిలు ఏడ దొరుకుతయే?"
ఏడనో నాకు తెలుసు.
నాసిరియాల ఓ అక్క శుక్రారం పూట ఏస్తది.
అయినా బండి ఇటే మలిపిన.
"మొదలు మా ఊరిది తిను" అన్న.
ఏ ఊరని వాడు అడుగలె.

రెండు హారన్లు.
వాడు ఉలికిపడి అటిటు జూసిండు.
"ఎవలు అడ్డమొచ్చిండ్రే?"
అఫ్సల్‌కు ఇప్పుడు మీసాలొచ్చినయి, ఉరకడు,
నడిచే వస్తడు.

పోశెట్టి పొట్లం విప్పిండు, మొఖం మాడ్చిండు.
"చిప్సు రొట్టెల పెట్టుడేందన్నా?"

నేనేం మాట్లాడలె.
వెనుకకు మల్లి
కందూరాల మీదికి ప్లాస్టిక్ కవరు
అంచులదాక గుంజిన.